క్రియాశీల ప్రయాణ శిక్షణ

క్రియాశీల ప్రయాణ శిక్షణ అనగా నడక, సైకిలు వంటి ఒంటి బలంతో సాగే ప్రయాణాలను నిత్యజీవితంలో సురక్షితంగా, అలవాటుగా చేయడం నేర్పే విద్య. ఇంగ్లీషులో ఇటువంటి ప్రయాణాన్ని యాక్టివ్ ట్రావెల్ అంటారు. ఉదయం వ్యాయామం కోసం పార్కులో నడవడం, పోటీల కోసం సైకిలు తొక్కడం దీని కిందికి రావు. బడికో, అంగడికో, పనికో ఒకచోటి నుండి మరొకచోటికి చేరడం కోసం చేసే ప్రయాణమే ఇందులో ప్రధానం. ఈ శిక్షణ ఎక్కువగా బడిపిల్లలకు ఇస్తారు. దీనివలన పిల్లల ఆరోగ్యం మెరుగుపడుతుంది, వాహనాల పొగ తగ్గుతుంది. అయితే పిల్లలకు ఎంత నేర్పినా వారు నడిచే దారి ప్రమాదకరంగా ఉంటే ప్రయోజనం పరిమితమేనని గత అర్ధశతాబ్దపు అనుభవం చెబుతున్నది. అందువలన ఈ విషయంలో పిల్లలకు పాఠం చెప్పడం ఎంత ముఖ్యమో దారిని బాగుచేయడం అంతకంటె ముఖ్యం.

ఆరోగ్యం

5 నుండి 17 సంవత్సరాల వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలపాటు, ఊపిరి కాస్త వేగంగా ఆడే స్థాయిలో శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాలు అవసరం. కానీ 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుండి 17 ఏళ్ళ వయసు బడిపిల్లల్లో 81 శాతం మందికి ఆ మాత్రం శ్రమ లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించదగినది. బడి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్నదనుకొందాం. గంటకు 4 కిలోమీటర్ల నడకతో పోవడానికి అరగంట, రావడానికి అరగంట. అంటే రోజుకు గంట సేపు నడక ఆ దారిలోనే పూర్తవుతుంది. నిదానపు నడక మొత్తం ఆ లెక్కలోకి రాకపోవచ్చు గాని, చురుకుగా నడిచే పిల్లలకు ఆటల పీరియడు లేని బడిలో సైతం అవసరమైన శ్రమలో పెద్ద భాగం దొరికినట్లే. వ్యాయామానికి ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేకపోవడమే ఈ పద్ధతిలోని సుగుణం. ట్యూషన్లతో, హోంవర్కుతో సాయంత్రాలు గడిచిపోయే పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

క్రమం తప్పని శారీరక శ్రమ వలన గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు బలపడతాయి. స్థూలకాయం, పెద్దయ్యాక వచ్చే మధుమేహం, రక్తపోటు వంటి వాటి ముప్పు తగ్గుతుంది.

పర్యావరణం

పై లెక్కనే మరొక వైపు నుండి చూడవచ్చు. అదే 2 కిలోమీటర్ల దూరానికి తండ్రి మోటారు సైకిలు మీద పిల్లవాడిని దింపి ఇంటికి వచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొస్తే రోజుకు 8 కిలోమీటర్ల ప్రయాణం అవుతుంది. బడి 220 రోజులు నడిస్తే 1,760 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున 35 లీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక ఒక్క పిల్లవాడి బడి ప్రయాణానికి ఏడాదికి దాదాపు 80 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. కారయితే ఇది మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఈ లెక్కను తరగతిలో పిల్లల చేతనే, వారి వారి దూరాలతో వేయించడం మంచి గణిత పాఠం కాగలదు.

చిన్న దూరాల ప్రయాణాలు మరొక విధంగా కూడా హానికరం. పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక పరికరం బాగా వేడెక్కిన తరువాతనే సరిగా పనిచేస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్ల ప్రయాణంలో అది వేడెక్కే లోపే బడి వచ్చేస్తుంది. బడి గేటు ముందు ఇంజనులు ఆపకుండా నిలబడే వాహనాల పొగగొట్టాలు చిన్నపిల్లల ముఖాలకు పెద్దల కంటె దగ్గరగా ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

చరిత్ర

బడిపిల్లలకు సైకిలు పరీక్షలు పెట్టే అలవాటు ఐరోపాలో పాతదే. బ్రిటన్‌లో తొలి సైకిలు నైపుణ్య పరీక్ష 1947లో జరిగింది. 1958లో అది జాతీయ పథకంగా మారింది. జర్మనీలో ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతి పిల్లలకు సైకిలు శిక్షణ ఇస్తారు, ఇందులో పోలీసులు పాల్గొంటారు. నెదర్లాండ్స్‌లో ప్రాథమిక విద్య ముగిసే లోపు పిల్లలు ట్రాఫిక్ పరీక్ష రాస్తారు. రాత పరీక్షతో పాటు, ఊరి వీధుల్లో నిజంగా సైకిలు తొక్కి చూపే ప్రయోగ పరీక్ష కూడా ఉంటుంది.

ఆ దేశంలో సైకిలుకు ఇప్పుడున్న గౌరవం మొదటి నుండి ఉన్నది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ కూడా కార్లు వీధులను ఆక్రమించాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3 వేల మందికి పైగా మరణించగా వారిలో 400 మందికి పైగా పిల్లలు. ప్రమాదంలో కూతురిని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడి రచనతో 'పిల్లల హత్యలు ఆపండి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఉద్యమం బయలుదేరింది. తల్లిదండ్రులు, పిల్లలు వీధుల్లో బైఠాయించారు. 1973 నాటి చమురు సంక్షోభం కూడా తోడవడంతో ప్రభుత్వ విధానం క్రమంగా మారి ప్రత్యేక సైకిలు దారులు ఏర్పడ్డాయి. అక్కడి పిల్లలు ఇప్పుడు రాసే పరీక్షను ఈ దారుల నుండి వేరుచేసి చూడరాదు.

డెన్మార్క్ 1970వ దశకంలో పిల్లల రోడ్డు ప్రమాదాలకు పేరుపడిన దేశం. బడిదారిలో పిల్లలకు రక్షణ కల్పించే బాధ్యతను 1976 నాటి చట్టం పోలీసుల మీద, స్థానిక ప్రభుత్వాల మీద పెట్టింది. ఓడెన్స్ నగరంలో ఏ మలుపు దగ్గర, ఏ వీధి దాటేటప్పుడు భయం వేస్తుందో పిల్లలనే అడిగి తెలుసుకొన్నారు. ఆ సమాధానాల ఆధారంగా వేగాన్ని తగ్గించే నిర్మాణాలు, సైకిలు దారులు ఏర్పాటు చేశారు. ఈ నమూనాయే తరువాత ఇతర దేశాల్లో సురక్షిత బడిదారుల పథకాలకు మూలమైనది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2000లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలోను, మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లోను ప్రయోగాత్మకంగా మొదలై, 2005లో ఐదేళ్ళకు 61 కోట్ల 20 లక్షల డాలర్లతో దేశవ్యాప్త పథకమైనది. అప్పటికే అక్కడ పరిస్థితి చాలా దూరం పోయింది. 5 నుండి 14 ఏళ్ళ పిల్లల్లో నడిచి గాని, సైకిలు మీద గాని బడికి వెళ్ళేవారు 1969లో 48 శాతం కాగా 2009 నాటికి 13 శాతం.

ఇంగ్లండులో జరిగిన ఒక పరిశీలన ఈ మార్పు స్వభావాన్ని బాగా వెల్లడిస్తుంది. మేయర్ హిల్‌మన్, జాన్ ఆడమ్స్, జాన్ వైట్‌లెగ్ అనే ముగ్గురు 1990లో ఈ లెక్కలు ప్రచురించారు. ఏడు, ఎనిమిది సంవత్సరాల పిల్లల్లో పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళనిచ్చేవారు 1971లో 80 శాతం ఉండగా, 1990కి 9 శాతానికి పడిపోయింది. ఆ మధ్యకాలంలో వాహనాలు విపరీతంగా పెరిగినా ప్రమాదాల్లో చనిపోయే పిల్లల సంఖ్య తగ్గింది. రోడ్లు సురక్షితమైనాయనడానికి ఇదే రుజువని అధికారులు భావించగా, రచయితలు దానిని అంగీకరించలేదు. రోడ్లు ప్రమాదకరంగా మారడం వల్లనే తల్లిదండ్రులు పిల్లలను వాటి మీదకు పంపడం మానివేశారని, తగ్గింది ప్రమాదం కాదు, పిల్లల స్వేచ్ఛ అని వారి వాదన. ప్రమాదాల సంఖ్యను మాత్రమే చూసి ఒక వీధి మంచిచెడ్డలు తేల్చడం సరికాదని దీనివలన తెలుస్తుంది. ఎవరూ దాటడానికి సాహసించని రోడ్డు మీద పాదచారుల ప్రమాదాలు ఉండవు.

శిక్షణ విధానం

నడక నేర్పడం ఏమిటని అనిపించవచ్చు. కానీ రోడ్డు దాటడం నేర్చుకోవలసిన విద్యే. వాహనాలు ఎడమ వైపున నడిచే భారతదేశం వంటి దేశాల్లో ముందుగా కుడివైపు, తరువాత ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూడాలని నేర్పుతారు. అమెరికాలో ఇది తలకిందులు. అక్కడ పెరిగిన తెలుగు పిల్లలు సెలవులకు తాతగారి ఊరు వచ్చినపుడు ఈ తేడాను గుర్తుచేయడం మంచిది. కాలిబాట లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున నడవాలి. ఆగి ఉన్న బస్సు ముందు నుండి దాటరాదు. ఇవి గోడబొమ్మలు చూపి చెబితే వచ్చేవి కావు. పిల్లలను అసలు వీధిలోకి తీసుకువెళ్ళి పలుమార్లు చేయిస్తేనే అలవాటవుతాయి.

నడిచే బడిబస్సు అనేది ఇందులో ప్రసిద్ధి చెందిన పద్ధతి. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ 1990వ దశకంలో దీనిని ప్రతిపాదించాడు. ఇందులో బస్సు ఉండదు. ఒకరో ఇద్దరో పెద్దలు నిర్ణీత సమయానికి ఒక దారి వెంట నడుస్తూ, దారిలోని 'స్టాపుల' వద్ద పిల్లలను కలుపుకొంటూ బడికి చేరుస్తారు. ప్రతి తల్లీ రోజూ వెళ్ళవలసిన అవసరం లేకుండా వంతులు వేసుకోవచ్చు. మన పల్లెల్లో పక్క ఊరి హైస్కూలుకు పిల్లలు గుంపుగా నడిచి వెళ్ళడం ఎవరూ పేరు పెట్టని ఇటువంటి ఏర్పాటే.

సైకిలు శిక్షణకు ఇంగ్లండులో 2007లో మొదలైన బైకబిలిటీ పథకాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పాత నైపుణ్య పరీక్ష స్థానంలో వచ్చిన దీనిలో మూడు అంచెలు ఉన్నాయి. మొదటిది వాహనాలు రాని మైదానంలో, రెండవది రద్దీ లేని వీధుల్లో, మూడవది రద్దీ రోడ్ల మీద. మొదటి అంచెలో ఎక్కడం, దిగడం, అనుకున్నచోట ఆపడం, ఒక చేత్తో పట్టుకొని తొక్కడం, సైకిలు పక్కకు పోకుండా వెనుకకు తిరిగి చూడడం వస్తాయి. ఈ చివరిది చూడడానికి తేలిక గాని, కొత్తవారు తల ఎటు తిప్పితే హ్యాండిలు అటు తిరుగుతుంది. వెనుక ఏముందో చూడకుండా మలుపు తిరగడం ప్రమాదకరం కనుక దీనిని మైదానంలోనే బాగా సాధన చేయించాలి.

రోడ్డు మీద తొక్కేటప్పుడు మరీ అంచుకు ఒదిగి పోరాదని శిక్షకులు చెబుతారు. అంచున గుంటలు, ఇసుక ఉంటాయి. పైగా వెనుక వచ్చే వాహనదారుడు చాలినంత చోటు లేకపోయినా దాటుకుపోవడానికి ప్రయత్నిస్తాడు. ఆగి ఉన్న కార్ల తలుపులు హఠాత్తుగా తెరుచుకోవచ్చు కాబట్టి వాటికి బారెడు దూరం పాటించాలి. బయలుదేరే ముందు గాలి, బ్రేకులు, చైను చూసుకోవడం కూడా శిక్షణలో భాగమే.

బొత్తిగా రానివారికి ముందు సీటు దించి, పెడళ్ళు ఊడదీసి, కాళ్ళతో నేలను తన్నుతూ దొర్లించడం నేర్పితే నిలకడ త్వరగా వస్తుంది. అద్దె సైకిళ్ళ కాలంలో మన పిల్లలకు ఈ సౌకర్యం లేదు. సీటు అందక చట్రం మధ్యలోంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కుతూ, మోకాళ్ళు దోక్కుపోతూ నేర్చుకొనేవారు.

బోధన పరిమితులు

పిల్లలకు చక్కగా నేర్పితే ప్రమాదాలు ఆగిపోతాయన్న నమ్మకం చాలాకాలం ఉండేది. స్వీడన్‌కు చెందిన పరిశోధకురాలు స్టీనా సాండెల్స్ 1968లో వెలువరించిన గ్రంథంతో దీనికి గట్టి ఎదురుదెబ్బ తగిలింది. చిన్నపిల్లల చూపు, వినికిడి, దృష్టి నిలపగలిగే శక్తి ఇంకా ఎదుగుతూ ఉంటాయి కాబట్టి, ఎంత బోధించినా వారిని ట్రాఫిక్‌కు అనుగుణంగా మార్చడం సాధ్యం కాదని ఆమె తేల్చింది. 2011లో లండన్ విశ్వవిద్యాలయపు రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు కూడా దీనిని బలపరిచే ఫలితాలు ప్రకటించారు. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు గంటకు 20 మైళ్ళు, అనగా సుమారు 32 కిలోమీటర్ల కంటె వేగంగా వచ్చే వాహనపు వేగాన్ని సరిగా అంచనా వేయలేరు. అటూ ఇటూ చూసి, నిబంధన పాటించి దాటిన పిల్లవాడు కూడా ప్రమాదానికి గురి కావచ్చునన్నమాట.

పాదచారుల భద్రతా బోధన మీద 2002లో ప్రచురితమైన ఒక సమగ్ర సమీక్ష అంతకు ముందరి పరిశోధనలను పరిశీలించింది. బోధన వలన పిల్లల జ్ఞానం, రోడ్డు దాటే తీరు మెరుగుపడుతున్నవి గాని, గాయాలు తగ్గుతున్నాయనడానికి ఆధారం దొరకలేదని అందులో పేర్కొన్నారు. దీని అర్థం బోధన వ్యర్థమని కాదు. భారమంతా పిల్లల మీద వేయరాదని మాత్రమే.

జపాన్ ఉదాహరణ దీనికి చక్కగా సరిపోతుంది. అక్కడ ప్రాథమిక పాఠశాల పిల్లల్లో అత్యధికులు నడిచే వెళతారు. చాలాచోట్ల పై తరగతి విద్యార్థి నాయకత్వంలో వరుసగా నడుస్తారు. మొదటి తరగతి పిల్లలు దూరానికి కనిపించేలా పసుపుపచ్చ టోపీ పెట్టుకోవడం అనేక ప్రాంతాల్లో ఆనవాయితీ. ఇంతటి క్రమశిక్షణ ఉన్నా 2012 ఏప్రిల్‌లో క్యోటో ప్రాంతంలోని కమెయోకా పట్టణంలో బడికి నడుస్తున్న పిల్లల వరుస మీదికి, లైసెన్సు లేని యువకుడు నిద్రమత్తులో నడుపుతున్న కారు దూసుకుపోయింది. ఆ పిల్లల పొరపాటు ఏమీ లేదు. ఆ తరువాత ప్రభుత్వం దేశమంతటా బడిదారులను తనిఖీ చేయించగా సరిచేయవలసిన చోట్లు 70 వేలకు పైగా ఉన్నట్లు తేలింది. 2021 జూన్‌లో చీబా ప్రాంతంలోని యాచిమతలో తాగిన డ్రైవరు నడిపిన లారీ వల్ల ఇద్దరు పిల్లలు మరణించగా మరొకసారి తనిఖీలు జరిగాయి.

దారి బాగుచేయడంలో మొదటిది వేగం తగ్గించడం. వేగం రెట్టింపయితే ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చదివినవారికి తెలిసిందే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తగిలే వాహనం 30 కిలోమీటర్ల వేగంతో తగిలేదాని కంటె నాలుగు రెట్ల దెబ్బ తీస్తుంది. పాదచారులు, సైకిళ్ళు, వాహనాలు కలిసి తిరిగే చోట్ల వేగం 30 కిలోమీటర్లకు మించరాదని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. బడి మొదలయ్యే, విడిచే సమయాల్లో ముందున్న వీధిని వాహనాలకు మూసివేయడం మరొక పద్ధతి. ఇటలీలోని బోల్జానోలో మొదలైన ఈ ఏర్పాటు 2012లో బెల్జియంలోని ఘెంట్ నగరానికి, 2020 తరువాత లండన్, పారిస్‌లలో వందలాది వీధులకు విస్తరించింది. దీనికి కావలసినది రెండు అడ్డుగడ్డలు, ఒక మనిషి, రోజుకు గంట సమయం.

భారతదేశంలో

పాశ్చాత్య దేశాల్లో ఈ శిక్షణ ఉద్దేశం కార్లలో వెళ్ళే పిల్లలను నడిపించడం. భారతదేశంలో సమస్య వేరు. ఇక్కడ కోట్లాది పిల్లలు నడిచే బడికి వెళతారు. అది వారు ఎంచుకున్నది కాదు, మరో మార్గం లేక చేసేది. డబ్బు చేతికి రాగానే బడి బస్సుకో, కిక్కిరిసిన ఆటోకో, మోటారు సైకిలుకో మారిపోతారు. నడక, సైకిలు పేదరికానికి గుర్తులుగా మిగిలినంతకాలం పర్యావరణం పేరిట ఎన్ని పాఠాలు చెప్పినా వినేవారు తక్కువ. నడిచేవారిని నడక మాన్పించకుండా, వారి ప్రాణాలకు రక్షణ కల్పించడమే ఇక్కడి పని. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో దాదాపు ఐదో వంతు పాదచారులు.

విద్యాహక్కు చట్టం కింది నిబంధనల ప్రకారం ఐదో తరగతి వరకు బడి ఒక కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఉన్నత పాఠశాలకు ఐదు కిలోమీటర్ల ప్రమాణం ఉన్నది. చిన్న తరగతులకు నడక చాలుతుంది గాని, తొమ్మిదో తరగతి నుండి నడకకు గంటకు పైగా పడుతుంది. ఆడపిల్లలు చదువు మానివేసేది ఎక్కువగా ఇక్కడే. సైకిలు అయితే అదే దూరం అరగంట లోపే.

బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే బాలికలకు సైకిలు కొనడానికి డబ్బు ఇచ్చే పథకం ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దీనిని పరిశీలించి, తగిన వయసులో ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగినట్లు కనుగొన్నారు. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాల్లో ఫలితం ఎక్కువగా కనిపించింది. బాలికలు గుంపులుగా సైకిళ్ళ మీద వెళ్ళడం మొదలయ్యాక దారిలో భయం కూడా తగ్గింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2010వ దశకం చివరలో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచారు. ఇటువంటి పథకాల్లో సైకిలుతో పాటు శిక్షణ, మరమ్మతు నేర్పడం కూడా చేరిస్తే బాగుంటుంది. గాలి పోయిన సైకిలు ఇంటి వసారాలో మూలన పడి ఉండడం మన ఊళ్ళలో చూడని దృశ్యం కాదు.

శిక్షణకు ప్రాధాన్యమిచ్చిన ఉదాహరణ పొరుగునే ఉన్న తమిళనాడులో కనిపిస్తుంది. 1990వ దశకం తొలినాళ్ళలో పుదుక్కోట్టై జిల్లాలో జరిగిన అక్షరాస్యతా ఉద్యమంలో అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పించారు. వ్యవసాయ కూలీలు, క్వారీ పనివారు, అంగన్‌వాడీ కార్యకర్తలు అయిన మహిళలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. ప్రముఖ పాత్రికేయుడు, తెలుగు కుటుంబానికి చెందిన పాలగుమ్మి సాయినాథ్ దీని గురించి రాశాడు. ఆడవారి సైకిళ్ళు చాలినన్ని దొరకక మగవారి సైకిళ్ళే కొన్నారు. ముందున్న అడ్డకమ్మి మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే ఇష్టపడ్డారు. అంతవరకు బస్సు కోసమో, తండ్రి లేదా భర్త తీరిక కోసమో ఎదురుచూసినవారు నీళ్ళు తెచ్చుకోవడం, సంతకు పోవడం, పిల్లలను బడికి దించడం సొంతంగా చేసుకోసాగారు. ఆరోగ్యం, పర్యావరణం అన్న మాటలు అక్కడ ఎవరూ ముందుపెట్టలేదు.

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఇప్పుడు మరొక ధోరణి కనబడుతున్నది. ఎనిమిదో తొమ్మిదో తరగతికి రాగానే సైకిలు వదిలి స్కూటీ నడపడం సాధారణమైనది. చట్టప్రకారం గేర్లు లేని 50 సి.సి. లోపు బండికి 16 ఏళ్ళు, ఇతర బండ్లకు 18 ఏళ్ళు నిండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. సైకిలుకు ఏ లైసెన్సూ అక్కరలేదు.

హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023 అక్టోబరులో సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారిని ప్రారంభించారు. చూడముచ్చటైన నిర్మాణమే గాని, ఎక్కువగా వ్యాయామానికి, విహారానికి వచ్చేవారికి ఉపయోగపడేది. బడిపిల్లల దారులు కాలనీల సందుల్లోను, వాటిని కోసుకుంటూ పోయే పెద్ద రోడ్ల కూడళ్ళలోను ఉన్నాయి. ఓడెన్స్‌లో చేసినట్లు ఏ బడిలోనైనా ఏడో తరగతి పిల్లల చేత తమ ఇంటి నుండి బడికి దారి గీయించి, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టించవచ్చు. అందరి పటాలు కలిపి చూస్తే ఎర్ర చుక్కలు ఎక్కడెక్కడ గుమికూడాయో కనిపిస్తుంది. ఆ పటాన్ని పంచాయతీకో, పురపాలక సంఘానికో, ట్రాఫిక్ పోలీసులకో అందజేయడానికి ప్రధానోపాధ్యాయుని సంతకం, ఒక తెల్లకాగితం చాలు.